రాష్ట్రపతి ఎన్నికయు, మా యింటి రెండు పక్షములును
(సంఘ వార్షిక సమావేశమున చేసిన ప్రసంగము)

 

ఎన్నికలలో పక్షము వహించుట తప్పా, ఒప్పా యని మన యువకులు కొందరు నన్నడిగిరి. తప్పు కాదనియే నా యభిప్రాయము. అయితే ఎచ్చట ఆగవలయునో తెలియని పక్షపాతి వలన ఎంత నష్టము కలుగునో, మా యింట జరిగినదానిని చెప్పి విన్నవించుకొందును.

1969 మే 3వ తేదీన రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు దివంగతులైరి. ఉపరాష్ట్రపతి వరాహగిరి వేంకటగిరిగారు కొంతకాలము ఆ బాధ్యత వహించి, జూలై 20న పదవి విడిచి, స్వతంత్ర అభ్యర్థిగా నిలిచిరి. కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు బెంగుళూరులో సమావేశమై నీలం సంజీవరెడ్డిగారిని ఎంపిక చేసినది. మూడవ ప్రముఖ అభ్యర్థి చింతామణి దేశ్‌ముఖ్ గారు. వారు మహారాష్ట్రులే యైనను, రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయమ్మగారి భర్త గనుక మనకు అల్లుని వరుస. ముగ్గురును మనకు కావలసినవారే యగుటచే, "మనవాడు" అను మాట ఆ యేడు ఎవరికిని దారి చూపజాలకపోయెను.

మాది బరంపురము. 1936లో గంజాము ప్రాంతము ఒరిస్సాలో చేరినను మా యింటి భాష మారలేదు. గిరిగారు 1894లో జన్మించిన ఊరు అదియే. మా నాయనగారికి ఆ యొక్క కారణము చాలును. మా మేనమామగారు ఉద్యోగరీత్యా అనంతపురమున స్థిరపడినవారు. సంజీవరెడ్డిగారి జిల్లా యది. ఆ ఆగస్టు మాసమున మామయ్య సెలవు పెట్టి మా యింటికి వచ్చి యుండిరి. నాకప్పుడు పదునారేండ్లు.

ఇరువురును ఊరక వాదించినవారు కారు. బ్యాంకు ఉద్యోగుల తీర్పును మంత్రివర్గము మార్చినదని 1954లో గిరిగారు కేంద్ర కార్మికమంత్రి పదవికి రాజీనామా యిచ్చిన సంగతిని నాయనగారు పదే పదే చెప్పుచుండిరి. కర్నూలు బస్సు మార్గముల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యలకు తలయొగ్గి 1964లో సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రి పదవి విడిచిన సంగతిని మామయ్య చెప్పుచుండిరి. చూడుడు, ఇరువురు చెప్పినదియు ఒక్కటే గుణము! పదవికంటె మాట గొప్పదని నమ్మినవాడు తనవాడని ఒకరు, కాదు తనవాడని యింకొకరు. ఎదుటివారి మాట ముగియువరకు వినిన పాపమున పోలేదు.

ప్రధాని ఇందిరాగాంధీగారు అంతరాత్మ ప్రబోధము ననుసరించి ఓటు వేయవలసినదని కోరిరి. కాంగ్రెసు అధ్యక్షులు నిజలింగప్పగారు అధికార అభ్యర్థి పక్షమున నిలిచిరి. దేశమంతయు రెండుగా చీలినట్లు మా నడవయు చీలినది. ఒకనాడు మా అమ్మ వడ్డించుచు, "మీ ఇద్దరిలో ఓటు ఎవరికున్నది?" అని అడిగినది. ఇరువురును తల వంచుకొని భుజించిరి. రాష్ట్రపతిని ఎన్నుకొనువారు పార్లమెంటు సభ్యులును, శాసనసభ్యులునే గదా!

16న పోలింగు జరిగినది. 20న లెక్కింపు. ఇరుగుపొరుగువారు రేడియో చుట్టును చేరిరి. చెల్లిన ఓట్ల మొత్తము విలువ 8,36,337. గెలుపునకు 4,18,169 కావలెను. ప్రథమ ప్రాధాన్యపు లెక్కలో గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్ గారికి 1,12,769 వచ్చినవి. ఎవరికిని చాలలేదు. అడుగుననున్న అభ్యర్థులను తొలగించుచు, వారి పత్రములలోని తరువాతి ప్రాధాన్యమును మిగిలినవారికి కలిపినారు. అట్లు కలిసిన వానిలో అధికభాగము రెడ్డిగారికే పోయినది. తుదకు గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427. తేడా 14,650 మాత్రమే!

నాయనగారు మిఠాయి తెప్పించిరి. అంతటితో ఆగిన బాగుండెడిది. పదిమంది యెదుట మామయ్యవైపు తిరిగి, "మీ సీమవారికి ఇప్పటికైన బుద్ధి వచ్చినదా?" అనిరి. మామయ్య, "బావగారూ, మీ సీమ యని నన్ను వేరు చేసితిరా?" అని మాత్రము పలికి, మరునాటి ఉదయపు బండికే వెడలిపోయిరి.

ఎనిమిదేండ్లు మా గడప తొక్కలేదు. మా అక్క పెండ్లికి మేనమామ చేతులమీదుగా జరుగవలసిన లాంఛనము మరియొకరిచేత జరిపించితిమి. అమ్మ ఆనాడు కంట తడి పెట్టుట నేను చూచితిని. పొరుగు రాష్ట్రమున మనలను పరాయివారిగా చూచుచున్నారని సభలలో వాపోవు మేమే, మా రక్తబంధువును ఒక్క మాటతో పరాయివానిని చేసితిమి. ఆ మాట గిరిగారికి ఒక్క ఓటైన తెచ్చినది కాదు. ఓట్ల లెక్క అప్పటికే ముగిసినది.

1977 జూలైలో సంజీవరెడ్డిగారు పోటీ లేకుండ రాష్ట్రపతిగా ఎన్నికైరి. 25న ప్రమాణస్వీకారము చేసిరి. ఆనాటి రాత్రి నాయనగారు ఒక కార్డు తీసి, చాలసేపు చేతబట్టుకొని కూర్చుండి, ఇట్లు వ్రాసిరి: "మన సంజీవరెడ్డిగారు రాష్ట్రపతి యైరి. నీవు వచ్చినచో మిఠాయి తెప్పించెదను. తప్పు నాది." దసరాకు మామయ్య వచ్చిరి. ఎన్నికల ప్రసక్తి ఇరువురును తేలేదు. అక్క బిడ్డను మాత్రము మామయ్య ఒడినుండి దింపలేదు.

యువకులారా! మీకు నచ్చినవారి పక్షమున గట్టిగా నిలువుడు. కారణములు తెలిసికొని నిలువుడు. ఎదుటి అభ్యర్థియందలి మంచిని అతని పక్షపాతి నోటనే పూర్తిగా వినుడు. ప్రమాణస్వీకారము చేసిన క్షణమునుండి ఆయన ఓడినవారికిని రాష్ట్రపతియే. ఫలితము వెలువడిన రాత్రి నోటినుండి వచ్చు మాట విషయమున మిక్కిలి జాగరూకులై యుండుడు. మా నాయనగారి కార్డు చేరుటకు ఎనిమిదేండ్లు పట్టినది. అందరికిని అంత వ్యవధి లభించదు.

సెలవు.