సరుకుల కొట్టుకు మేనేజరమ్మ



ఆడపిల్ల డాక్టరీ చదువుతానంటే సంతోషిస్తాం. టీచరు పని చేస్తానంటే సరేనంటాం. అదే పిల్ల "కామిసరీ మేనేజరునవుతానమ్మా" అంటే, ముందు అదేమిటో మనకు తెలియదు. తెలిశాక "పప్పూ ఉప్పూ చూసుకోవడానికి చదువెందుకే?" అంటాం. ఈవేళ ఆ పప్పూ ఉప్పూ సంగతే నాలుగు మాటలు మనవి చేద్దామనుకుంటున్నాను.

కామిసరీ అంటే సామాన్య భాషలో సరుకుల కొట్టు. అమెరికాలో సైనికుల కుటుంబాలకు వెచ్చాలు అమ్మే దుకాణాలను ఆ పేరుతోనే పిలుస్తారు. మన దేశంలో అలాంటి పని 1948లో ఏర్పడిన క్యాంటీన్ స్టోర్సు డిపార్టుమెంటు చూస్తోంది. పెద్ద హోటళ్ళకూ, విమానాలకూ భోజనం తయారయ్యే వంటశాలల్లో సరుకు తెప్పించి, తూచి, భద్రపరచి, వంటవాళ్ళకు లెక్కప్రకారం ఇచ్చే విభాగాన్ని కూడా కామిసరీ అంటారు. మన హాస్టళ్ళలో, ఆస్పత్రుల్లో దానికి స్టోర్సు అనే పేరే వాడుక.

ఇందులో సగం విద్య మనకు తెలిసిందే. కొత్త బియ్యం అడుగునా పాత బియ్యం పైనా పోయడం, డబ్బాలో వేపాకు వేయడం, కందులకు ఎర్రమట్టి పట్టించడం మన అత్తగార్లకు ఎవరు నేర్పారు? ముందు వచ్చిన సరుకు ముందు వాడాలనీ, గడువు ముందు తీరేది ముందు బయటికి పోవాలనీ కోర్సుల్లో పాఠంగా చెబుతున్నారు.

కానీ మిగతా సగం ఉంది చూశారూ, అది మన ఇళ్ళలో లేదు. అది కాగితం. మనం కంటి అంచనాతో గుప్పెడు ఎక్కువేస్తే మిగిలింది రాత్రికి పులిహోర అవుతుంది. పెద్ద వంటశాలలో అలా కుదరదు. బడి పిల్లల మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల్లో పిల్ల ఒక్కింటికి రోజుకు 100 గ్రాముల బియ్యం లెక్క. పదివేలమందికి వండితే వెయ్యి కిలోలు. మనిషికి 5 గ్రాములు చెయ్యి జారిందంటే రోజుకు 50 కిలోలు, అంటే నిండు బస్తా! ఆ బస్తా ఎటు పోయిందని అడిగితే జవాబు చెప్పవలసింది స్టోర్సు మనిషే.

నాకు తెలిసిన ఒకావిడ ఆడపిల్లల హాస్టలులో ఈ పని పన్నెండేళ్ళు చేసింది. భర్త పోయాక చేరింది. ప్రతి సరుకుకూ ఒక బిన్ కార్డు. వచ్చిందెంత, ఇచ్చిందెంత, ఉన్నదెంత అన్నది అప్పటికప్పుడే రాయాలి, సాయంత్రం గుర్తు చేసుకుని రాస్తానంటే పనికిరాదు. వంటమేస్త్రి ఇండెంటు మీద సంతకం పెడితేగాని గరిటెడు నూనె కూడా కదలదు. సరుకు వచ్చినప్పుడు మనమిచ్చిన ఆర్డరూ, లారీతో వచ్చిన చలానూ, కొట్టువాడి బిల్లూ మూడూ పక్కపక్కన పెట్టి చూసేది. బస్తాలు తూచి, గోనె బరువు తీసివేసేది. లారీ డ్రైవరు "నమ్మకం లేదా అమ్మా?" అంటే "నమ్మకం ఉంది నాయనా, కాటా కూడా ఉంది" అనేదిట.

ఒక దీపావళికి సరుకు వేసే వ్యాపారి ఇంటికి జీడిపప్పు పొట్లాలు పంపాడు. ఆవిడ అదే కుర్రాడిచేత వెనక్కి పంపించింది. మరుసటి నెల పురుగు పట్టిన పెసరపప్పు తిప్పి పంపుతుంటే ఆవిడ నోరు కట్టేయడానికి ఏమీ లేకపోయింది. ఇంట్లో అత్తగారు మాత్రం వారం రోజులు సణిగారు, జీడిపప్పు పోయినందుకు!

చదువు విషయానికొస్తే, హైదరాబాదు విద్యానగర్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ విద్యాలయం ఉంది. ఇంటర్ తరవాత అఖిల భారత ప్రవేశపరీక్ష రాయాలి. అంత చదవలేనివాళ్ళు కామర్సు డిగ్రీతో సహాయకురాలిగా చేరి పైకి వచ్చినా రావచ్చు. కంప్యూటరులో లెక్కలు వేయడం తప్పనిసరిగా రావాలి. 2006 నాటి ఆహారభద్రతా చట్టం కింద ఫోస్టాక్ అనే పొట్టి శిక్షణ కూడా ఉంది, అది మంచిది. పాలూ కూరలూ 5 డిగ్రీలు దాటకుండా, గడ్డకట్టించినవి మైనస్ 18లో ఉండేట్టు చూడటం లాంటివి ఇంటి ఫ్రిజ్ చూసి నేర్చుకునేవి కావు.

ఇబ్బందులు లేవనను. తెల్లవారుజామునే పాలబండి వస్తుంది, కూరల బండి వస్తుంది. మీ పిల్ల నాలుగున్నరకు గడప దాటాలి. రాకపోకలకు బండి ఇస్తారా అని ముందే అడగండి. నెలాఖరున సరుకంతా లెక్కపెట్టేటప్పుడు ఇంటికి ఆలస్యమవుతుంది. పెళ్ళివారితో ఈ మాట ముందే చెప్పడం మేలు, తరవాత చెబితే గొడవ.

ఇంకొక్కటి. చేరేముందు పిల్లచేత ఒక ప్రశ్న తప్పక అడిగించండి: కొట్టు తాళాలు ఎవరెవరి దగ్గర ఉంటాయి? తాళాలు ముగ్గురి దగ్గరా, సంతకం ఒక్క మీ అమ్మాయిదీ అని తేలితే, జీతం ఎంత ఇస్తామన్నా ఆ చోట చేర్చకండి.