ఆ పాట కట్టినామెకు ఒక పేరుంది
(రాత్రిబడి పాటల శిక్షణ ముగింపు రోజున చేసిన ప్రసంగ పాఠం)

 

ఇందాక మన పిల్లలు చర్చి గిటారు తెచ్చి ఒక ఇంగ్లీషు పాట వాయించారు. "మనకెందుకయ్యా తెల్లోళ్ళ పాట, డప్పు లేదా?" అని వెనకనుంచి ఒక పెద్దాయన అడిగారు. అడగాల్సిన మాటే. అయితే అది తెల్లోళ్ళ పాట కాదు. తెల్లోళ్ళ ఇళ్ళల్లో పాచిపని చేసిన ఒక నల్లజాతి స్త్రీ కట్టిన పాట. ఆ కథ చెప్పడానికే మేం నిలబడ్డాం.

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, కార్‌బరో అనే ఊరు. 1890లలో ఒక నల్ల కుటుంబంలో ఆడపిల్ల పుట్టింది. ఇంట్లో అందరూ 'చిట్టి చెల్లి' అన్నట్టుగా పిలిచేవాళ్ళే గాని పేరు పెట్టి పిలిచింది లేదు. బడికి పోయిన మొదటిరోజు పేరేంటని అడిగితే, ఆ పిల్ల తనకు తానే పేరు పెట్టుకుని చెప్పింది: ఎలిజబెత్. రిజిస్టరులో పేర్లు రాసే మాబోటి పంతుళ్ళకు ఈ ముక్క దగ్గర గొంతు పట్టేస్తుంది. మన తాతల పేర్లను ఊళ్ళోవాళ్ళు ఎట్లా విరిచి పిలిచారో మనకు తెలుసు గదా!

ఆ చదువు ఎంతోకాలం సాగలేదు. చిన్నతనంలోనే ఇళ్ళల్లో పనికి కుదిరింది. జీతం నెలకు 75 సెంట్లు, అంటే ముప్పావు డాలరు. ఆ డబ్బు కూడబెట్టి 3 డాలర్ల 75 సెంట్లకు గిటారు కొనుక్కుంది. లెక్క వేయండి. అయిదు నెలల కష్టం!

గిటారేమో కుడిచేతి వాటానిది. ఆమెది ఎడమచేతి వాటం. తీగలు మార్చి కట్టకుండా గిటారునే తిరగేసి పట్టుకుంది. అందరికీ బొటనవేలు లావు తీగల మీద దరువు వేస్తుంది, మిగతా వేళ్ళు సన్న తీగల మీద రాగం పలుకుతాయి. ఆమెకు అంతా తలకిందులు. వేళ్ళది దరువు, బొటనవేలిది రాగం. ఆ పద్ధతిని ఇవాళ ఆమె పేరుతోనే పిలుస్తున్నారు. పదకొండు పన్నెండేళ్ళప్పుడు, ఇంటి దగ్గర పోయే గూడ్సు బండి మీద పాట కట్టింది. దాని పేరు 'ఫ్రైట్ ట్రైన్'. గూడ్సు బండి అనే అర్థం.

తర్వాత పెళ్ళయింది. చర్చి పెద్దలు లోకపు పాటలు వద్దన్నారు. గిటారు మూలబడింది. ఏళ్ళకేళ్ళు చాకిరీలోనే పోయినయ్. 1940ల చివర్లో వాషింగ్టన్‌లో ఒక పెద్ద డిపార్ట్‌మెంటు స్టోరులో పనిచేస్తూ, తప్పిపోయిన ఒక చిన్నపిల్లను తల్లికి అప్పజెప్పింది. ఆ తల్లి ఈమెను ఇంటిపనికి పెట్టుకుంది. వాళ్ళు సీగర్ కుటుంబం, సంగీతం తెలిసినవాళ్ళు. గోడకున్న గిటారు తీసి పనిమనిషి వాయిస్తుంటే అప్పుడు తెలిసింది వాళ్ళకు, వంటింట్లో ఎవరున్నారో.

ఆ ఇంటి పిల్ల పెగ్గీ పెద్దదై ఇంగ్లండు పోయి ఈ పాట పాడింది. విన్నవాళ్ళు ఎత్తుకున్నారు. హక్కులు అక్కడి ఇద్దరు మగవాళ్ళ పేర రాసుకున్నారు. 1957లో ఇంగ్లండంతా ఆ పాట మోగింది. కట్టినామె మాత్రం పాచిపనిలోనే ఉంది! సీగర్ కుటుంబం అండగా నిలిచి కొట్లాడాక పాట మీదికి ఆమె పేరొచ్చింది. 1958లో ఆమె సొంత రికార్డు వచ్చింది. 1985లో గ్రామీ బహుమతి వచ్చింది. 1987లో కన్నుమూసింది.

మన పిల్లలు దీన్ని ఎట్లా నేర్చారో కూడా వినండి. మొదటివారం బొటనవేలు ఒక్కటే. లావు తీగ మార్చి లావు తీగ, బండి చక్రంలాగా ఆగకూడదు. తర్వాత సి, జి సెవెన్, ఇ సెవెన్, ఎఫ్ కార్డులు. ఎఫ్ దగ్గర అందరూ ఏడ్చారు. కలుపు తీసి కాయలు కాసిన వేళ్ళు కాబట్టి తీగ కోతకు మాత్రం జడవలేదు.

ఇప్పుడు మన తప్పు చెప్పుకోవాలి. పదేళ్ళుగా సభల్లో మనం పాడే నాట్ల పాట ఒకటుంది. మనం అచ్చేసిన పాటల పుస్తకంలో దానికింద 'జానపదం' అని వేశాం. గిటారు నేర్చుకునే పిల్ల ఒకతె అడిగింది, "మాస్టారూ, మన నాట్ల పాట ఎవరు కట్టారు?" అని. మా దగ్గర జవాబు లేదు. వాడలో ముసలమ్మల్ని అడిగాం. ఆమె పోయి చాన్నాళ్ళయిందన్నారు. ఫలానా ఇంటి కోడలన్నారు, ఫలానావాడి తల్లన్నారు. సొంత పేరు ఒక్కరికీ గుర్తులేదు. పాత ఓటర్ల లిస్టులు తిరగేస్తున్నాం.

ఇంగ్లండోళ్ళ మీద కోపం తెచ్చుకోవడం తేలిక. ఈ తప్పు చేసింది ఏ దొరా కాదు. మనమే.

అందుకని రేపటినుంచి ప్రతి వాడలో ఒక నోటుపుస్తకం పెట్టండి. పాట రాయండి. కట్టినవాళ్ళ పేరు, ఊరు, ఎవరి నోట విన్నామో రాయండి. పేరు దొరక్కపోతే 'జానపదం' అని చేతులు దులుపుకోవద్దు. 'మన వాడ ఆడమనిషి కట్టింది, ఆమె పేరు మేం పోగొట్టుకున్నాం' అని రాయండి.

పిల్లలు మళ్ళీ వాయిస్తారు. పెద్దాయన డప్పు కలుపుతానంటున్నారు, కానీయండి. ముందు ఆమె పేరు చెప్పి మొదలుపెట్టండి. ఎలిజబెత్ కాటన్. మన గోదావరి ఆనకట్ట కాటన్ దొరతో సంబంధం లేదు, అది పెనిమిటి ఇంటిపేరు. ఎలిజబెత్ మాత్రం తను పెట్టుకున్నదే.

జైభీమ్!