బల్ల మీద 30 టన్నులు

షెర్మన్ ట్యాంకు బరువు సుమారు 30 టన్నులు. దాని పొడవునూ వెడల్పునూ ఎత్తునూ 35వ వంతుకు కుదిస్తే, బరువు 35వ వంతుకు కాదు, దాదాపు 43 వేలవ వంతుకు పడిపోతుంది. అచ్చంగా ఉక్కుతోనే చేసినా ఆ చిన్న ట్యాంకు 700 గ్రాములకు మించి తూగదు. ఇక కిట్ డబ్బాలో ముక్కలు ముక్కలుగా వచ్చే ప్లాస్టిక్ షెర్మన్ అందులో సగం కూడా ఉండదు. అయినా బల్ల మీద పెట్టి చూపించినప్పుడు, ఎదుటివాడికి అది 30 టన్నుల ఇనుములాగే కనబడాలి. ప్లాస్టిక్ ట్యాంకు మోడల్ కట్టే విద్య అంతా ఈ కనికట్టులోనే ఉంది. రివెట్లు లెక్కపెట్టి, ఒక్కటి తగ్గినా ఊరుకోని మోడలర్లు ఉన్నారు. వాళ్ల ఓపికకు దండం పెట్టాలి గానీ, బరువు కనబడకపోతే అన్ని రివెట్లూ సరిపోయిన ట్యాంకు కూడా అలమరలో బొమ్మగానే మిగిలిపోతుంది.

బొమ్మలు మన వాళ్లకు కొత్త కాదు. తెల్ల పొణికి కర్రతో చేసే కొండపల్లి అంబారీ ఏనుగు తెలియని తెలుగు ఇల్లు అరుదు. కానీ ఆ ఏనుగు దంతం పొడవు ఎంత ఉండాలని ఎవరూ కొలత పెట్టరు. ట్యాంకు మోడల్‌లో ప్రతిదానికీ కొలత ఉంటుంది. ఇక్కడ ఒక మిల్లీమీటరు తేడా వస్తే అసలు బండి మీద అది మూడున్నర సెంటీమీటర్లు.

ఈ 35 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందన్నది సరదా కథ. జపాన్‌లోని షిజువోకా పట్టణంలో తమియా కుటుంబానికి కర్రకోత మిల్లు ఉండేది. అదే కర్రతో ఓడల మోడళ్లు చేసి అమ్ముతూ, 1960లో యమాటో యుద్ధనౌకతో ప్లాస్టిక్‌లోకి దిగారు. పోటీలో ఆ కిట్ నిలబడలేదు. తర్వాత, 1960ల మొదట్లో, మోటారుతో నడిచే జర్మన్ పాంథర్ ట్యాంకు వేశారు. లోపల రెండు బ్యాటరీ సెల్స్ పట్టాలి కాబట్టి దానికి తగ్గట్టు సైజు పెట్టారు. కిట్ బాగా అమ్ముడుపోయింది. మరిన్ని ట్యాంకులు వేద్దామని షున్‌సాకు తమియా ఆ పాంథర్‌ను కొలిచి చూస్తే, అసలు ట్యాంకులో సుమారు 35వ వంతు అని తేలింది. అంతే, ఆ లెక్కే స్థిరపడింది. ఈ రోజు ప్రపంచంలో ఎక్కడ ఏ కంపెనీ ట్యాంకు కిట్ వేసినా ఎక్కువగా ఆ బ్యాటరీ సెల్స్ కొలతలోనే వేస్తోంది. సెల్స్ మాత్రం ఎప్పుడో పోయాయి. షున్‌సాకు తర్వాత అమెరికా వెళ్లి, అబర్డీన్ సైనిక మ్యూజియంలో అసలు ట్యాంకుల చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకుని వచ్చాడు. ఆయన 2025 జూలైలో కన్నుమూశాడు.

ఇప్పుడు మోత్కూర్‌కు వద్దాం. ఇవాళ యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది గానీ, 2016 దాకా నల్లగొండ జిల్లా ఊరే. అక్కడ ఒక కుర్రవాడు తొలి కిట్ తెప్పించుకోవాలని కూర్చున్నాడనుకుందాం. ఏ ట్యాంకు కట్టాలి? జర్మన్ టైగర్ అని చాలామంది టక్కున చెప్పేస్తారు. ఆ టైగర్ మోజు ఒక పట్టాన వదలదు. కానీ మోత్కూర్ కుర్రవాడు అంత దూరం పోనక్కర్లేదు. తన పాత జిల్లా రోడ్డు మీదే కవచ వాహనాలు తలపడ్డ చరిత్ర ఉంది.

1948 సెప్టెంబరు 13న యూనియన్ సైన్యాలు హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించాయి. పెద్ద దండు పడమట షోలాపూర్ వైపు నుంచి, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో, షెర్మన్, స్టూవర్ట్ ట్యాంకులతో నల్‌దుర్గ్ మీదుగా వచ్చింది. తూర్పున విజయవాడ నుంచి మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర దళం బయలుదేరింది. అందులో గూర్ఖా పటాలంతో పాటు పూనా హార్స్ రెజిమెంటుకు చెందిన ఒక స్క్వాడ్రన్ ఉంది. వాళ్లకు ఎదురు నిలిచింది నిజాం సైన్యంలోని హైదరాబాద్ లాన్సర్లు. వాళ్ల చేతిలో ఉన్నవి చక్రాల మీద నడిచే హంబర్, స్టాగ్‌హౌండ్ కవచ కార్లు. మొదటి రోజు పొద్దున్నే రుద్ర దళం కోదాడ, మధ్యాహ్నానికి మునగాల చేరింది. 15న సూర్యాపేట చేతికి వచ్చింది. వెనక్కి తగ్గుతున్న నిజాం బలగాలు మూసీ మీద వంతెన పేల్చేశాయి. కానీ దాన్ని కాపాడటానికి తుపాకులు పెట్టలేదు. అందుకని యూనియన్ ఇంజనీర్లు త్వరగానే బాగుచేసుకుని ముందుకు సాగారు. 17న కాల్పులు ఆగాయి, మరునాడు జనరల్ ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. ఇదంతా పెద్ద రోడ్డు కథ. మోత్కూర్ ఆ రోడ్డుకు ఉత్తరాన, కాస్త లోపలికి ఉంటుంది.

అదే పూనా హార్స్ 1971 డిసెంబరు 16న బసంతర్ యుద్ధంలో సెంచూరియన్ ట్యాంకులతో పోరాడింది. ఫమగుస్టా అనే సెంచూరియన్‌లో 21 ఏళ్ల సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ ప్రాణం విడిచాడు, పరమవీర చక్ర పొందాడు. సూర్యాపేట రోడ్డు తెలిసిన రెజిమెంటు అది. పూనా హార్స్ సెంచూరియన్ కట్టాలనుకునేవాడికి సరుకు దొరుకుతుంది, ఆ ట్యాంకు కిట్లు మార్కెట్లో ఉన్నాయి. నిజాం వైపు బళ్లు కట్టాలనుకున్నా ఇబ్బంది లేదు. బ్రాంకో అనే కంపెనీ స్టాగ్‌హౌండ్‌నూ హంబర్‌నూ 1/35లో వేసింది. షెర్మన్ విషయంలో మాత్రం తొందర పనికిరాదు. దాదాపు 50 వేల షెర్మన్లు తయారయ్యాయి, పేరు ఒకటే గానీ ఒళ్లు వేరు. పోతపోసిన గుండ్రటి ఒళ్లు ఒక రకం, పలకలు వెల్డింగ్ చేసిన ఒళ్లు ఇంకో రకం. ముందు ఫొటో చూడాలి, తర్వాత డబ్బా కొనాలి. ఈ క్రమం తప్పితే డబ్బు పోతుంది.

డబ్బా విప్పితే చెట్టుకొమ్మల్లాంటి ప్లాస్టిక్ ఫ్రేములు కనబడతాయి, వాటికి అంకెలు వేసిన ముక్కలు వందల్లో అంటుకుని ఉంటాయి. ముక్కను చేత్తో విరవకూడదు. నిప్పర్‌తో మొదట ముక్కకు కొంచెం దూరంగా, తర్వాత దగ్గరగా, రెండు దఫాలు కోయాలి. మిగిలిన ముల్లును బ్లేడుతో చెక్కి, ఉప్పు కాగితంతో రుద్దాలి. ఆఖరి నునుపు కోసం కార్ల పెయింటర్లు వాడే వాటర్ పేపర్‌ను తడిపి వాడితే చాలు. అది ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. ఈ పనిలో సగం సామాను మోత్కూర్ బజారులోనే ఉంది, మిగతా సగం కొరియర్‌లో రావాలి.

ఇక్కడ వాడే సిమెంటు జిగురు కాదు. అది ప్లాస్టిక్‌ను కరిగించే ద్రవం. రెండు ముక్కలూ ఆనించి పట్టుకుని అతుకు మీద బ్రష్ కొన తాకిస్తే, నీళ్లు దూదిలోకి పాకినట్టు ఆ ద్రవం సందంతా పాకుతుంది. అంచులు కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఎండాక అది అతుకు కాదు, ఒకటే ప్లాస్టిక్. ఇదే ద్రవంతో ఇంకో పని ఉంది. షెర్మన్ టరెట్ పోతపోసిన ఉక్కు. దగ్గరి నుంచి చూస్తే దాని మీద గరుకు ఉంటుంది. ప్లాస్టిక్ టరెట్ తరచు నున్నగా ఉంటుంది. దాని మీద సిమెంటు పలచగా పూసి, మెత్తబడ్డ పై పొరను అరిగిపోయిన గట్టి బ్రష్ కొనతో తడుతూ పోతే, పోత ఉక్కు గరుకు లేచి వస్తుంది. బరువు కనబడటం మొదలయ్యేది ఇక్కడే. కంటికి నున్నటిది తేలిగ్గా, గరుకుది బరువుగా తోస్తుంది.

మందం కూడా మోసం చేస్తుంది. షెర్మన్ ముందు పలక మందం 51 మిల్లీమీటర్లు. 35తో భాగిస్తే ఒకటిన్నర మిల్లీమీటరు వస్తుంది. ఆ మందాన్ని ప్లాస్టిక్ ముక్క సులభంగానే చూపిస్తుంది. చిక్కంతా రేకుతోనే. చక్రాల మీద కప్పిన ఫెండర్ రేకు కొలత ప్రకారం కాగితం కన్నా పలచగా ఉండాలి. ప్లాస్టిక్‌ను అంత పలచగా పోయలేరు. అందుకని కొందరు అంచును వెనక నుంచి గీకి పలచన చేస్తారు. కొందరు ఎచ్చింగ్ చేసిన ఇత్తడి రేకు ముక్కలు వేరుగా కొని ఫెవిక్విక్‌తో అతికిస్తారు. అతికించేటప్పుడు పట్టకారులోంచి జారిన ఇత్తడి గొళ్లెం గదిలో ఎక్కడ పడిందో వెతకడం ఈ విద్యలో రోజూ ఉండే భాగమే. ఏరియల్ తీగకు ఖర్చు లేదు. కోసి పారేసిన ఫ్రేము పుల్లను కొవ్వొత్తి మీద వేడి చేసి, మెత్తబడగానే మంట నుంచి తీసి రెండు వైపులా లాగితే వెంట్రుక మందం తీగ సాగుతుంది.

చక్రాల దగ్గర మోడల్ భవితవ్యం తేలిపోతుంది. షెర్మన్‌కు ఒక్కో పక్క మూడు బోగీలు, ఒక్కో బోగీకి రెండు చక్రాలు. వీటిలో ఒక్కటి వంకరగా అతుక్కుని నేలకు తాకకుండా గాలిలో నిలబడినా 30 టన్నుల మాయ తునాతునకలవుతుంది. సిమెంటు ఆరకముందే అద్దం పలక మీద నిలబెట్టి, కింది నుంచి వెలుతురు కనబడుతోందేమో చూడాలి. టీ-55 లాంటి రష్యన్ ట్యాంకుకు ఇంకో సంగతి ఉంది. దానికి గొలుసును పైన మోసే చిన్న రోలర్లు ఉండవు. ట్రాక్ తన బరువుకు తానే వంగి పెద్ద చక్రాల నెత్తి మీద వాలుతుంది. కిట్‌లో వచ్చే రబ్బరు ట్రాక్ బిగుతుగా నిలబడితే ఆ ట్యాంకు తేలిపోతున్నట్టే ఉంటుంది. ఒక్కో లింకు విడిగా కలిపే ట్రాకులు ఉన్నాయి, పని ఎక్కువే గానీ ఆ వాలు వాటితో సహజంగా వస్తుంది.

రంగుల పని ఆలస్యంగా వస్తుంది, చాలామంది తొందరపడేది అక్కడే. అసలు ట్యాంకు రంగును యథాతథంగా చిన్న మోడల్‌కు వేస్తే మరీ ముదురుగా కనబడుతుంది. అందుకని కొంచెం తెలుపు కలిపి పలచన చేస్తారు. ఆ తర్వాత ముదురు ఆయిల్ రంగును థిన్నర్‌లో నీళ్లలా కలిపి పూస్తే, అది బోల్టుల చుట్టూ, అతుకుల సందుల్లో నిలిచి నీడలవుతుంది. ఉబ్బెత్తు అంచులకు, దాదాపు ఆరిపోయిన బ్రష్‌తో లేత రంగు తాకిస్తారు. షెపర్డ్ పెయిన్ అనే అమెరికన్ 1970లలో మోనోగ్రామ్ కిట్ల కోసం చేసిన చిన్న దృశ్యాలతో, అంటే డయోరామాలతో, ఇలాంటి పనితనం ఎందరికో అలవాటైంది.

ఇక మట్టి. ఇదే మోత్కూర్‌వాడి సొంత సొమ్ము. దుకాణంలో సీసాలో అమ్మే పొడి రంగులు ఉన్నాయి, యూరప్ మట్టి అంటూ పేర్లు పెట్టి అమ్ముతారు. 1948 సెప్టెంబరులో నల్లగొండ రోడ్డెక్కిన బండికి ఆ మట్టి ఎందుకు? చెలక ఎర్రమట్టి ఊరి పొలిమేరలోనే ఉంది. పెంకు మీద వేయించి తడి పోగొట్టి, మెత్తటి నూలు గుడ్డలో జల్లించాలి. బిక్కేరు వాగు ఇసుక మాత్రం పనికిరాదు. ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు 1/35లో మూడున్నర సెంటీమీటర్ల రాయి. జల్లించిన దుబ్బను థిన్నర్‌తో కలిపి చక్రాల మీద, కింది ఒంటి మీద వేస్తే ఆరాక పట్టుకుంటుంది. అది వానాకాలం కాబట్టి కింది భాగం తడి బురదగా, ముదురుగా ఉండాలి, పైకి పోయేకొద్దీ ఎండిన ఎర్రదనం రావాలి. చక్రాల రబ్బరు అంచుల నుంచి మట్టి రుద్దుకుపోవాలి, అవి ఎప్పుడూ ట్రాక్ మీద తిరుగుతుంటాయి. మట్టి ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ నిలవదో చూడాలంటే వానాకాలంలో దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరు పక్కన ఒక సాయంత్రం కూర్చుంటే చాలు.

బేస్ కూడా చేయాలనుకుంటే మూసీ వంతెన కన్నా మంచి దృశ్యం దొరకదు. కూలిన భాగం, పక్కన ఇంజనీర్ల దుంగలు, వెనక ఆగిన వరస. మనుషులు ఐదు సెంటీమీటర్లకు లోపే ఉంటారు. ఆ మనుషుల్లో గూర్ఖాలే ఉండాలా, గట్టు మీద నిలబడి చూస్తున్న పల్లెవాళ్లు ఉండాలా అన్నది కట్టేవాడి ఇష్టం. ఒకటి మాత్రం ఆలోచించాలి. యూనియన్ సైన్యం నిజాం మీద గెలిచి ఊరుకోలేదు. తెలంగాణ సాయుధ పోరాటం 1951లో ఆగేదాకా నల్లగొండ పల్లెల్లో కమ్యూనిస్టుల మీదకూ అదే సైన్యం వెళ్లింది. ఒకే బండిని ఈ జిల్లాలో ఒక ఇంట్లో ఒక రకంగా, పక్క ఇంట్లో ఇంకో రకంగా చూస్తారు. ట్యాంకు ముందు పూలదండలు పట్టుకున్న జనాన్ని పెట్టడం సులభమే, కానీ అది సగం కథే అవుతుంది.

1948 వద్దు, ఇవాళ్టి బండి కావాలంటే దూరం పోనక్కర్లేదు. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలోని మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే సారథ్ ఉంది. రష్యన్ బీఎంపీ-2కు అది మన రూపం. ముగ్గురు సిబ్బంది, ఏడుగురు జవాన్లు, 30 మిల్లీమీటర్ల తుపాకీ, సుమారు 14 టన్నుల బరువు. అంత బరువుతోనూ నీటిలో తేలుతుంది. 1/35లో పొడవు 19 సెంటీమీటర్లు. జ్వెజ్దా కంపెనీ వేసిన బీఎంపీ-2 కిట్ తెచ్చుకుంటే చాలా పని అయిపోతుంది. మిగిలేది మన రంగు, మన నంబరు ప్లేటు మొదట్లో పైకి చూసే బాణం, జవాన్లు బయట కట్టుకునే సామాను, వాటికి పెట్టెలు. ఆ పెట్టెలకు ప్లాస్టిక్ షీటు కొనక్కర్లేదు. వాడిపారేసిన గ్లాసు, పెరుగు డబ్బా అడుగున త్రికోణంలో 6 అంకె ఉంటే అది పాలిస్టైరీన్, కిట్ కూడా అదే ప్లాస్టిక్, అదే సిమెంటుతో అతుకుతుంది. 5 అంకె ఉన్నది పాలిప్రొపైలీన్, దానికి ఈ సిమెంటు పట్టదు.