సెలవులోనూ సైనికుడే

కొరాపుట్, రాయగడ కొండల్లో సొరంగాలు దాటుతూ రైళ్లలో తిరిగే మనమంతా తెలుసుకోవలసిన సంఘటన ఇది.

2025 జూలై 5. ఝాన్సీ సైనిక ఆసుపత్రి వైద్యుడు మేజర్ రోహిత్ బచ్‌వాలా సెలవు మీద హైదరాబాద్ రైలు కోసం ఝాన్సీ స్టేషన్‌లో ఎదురుచూస్తున్నారు. పన్వేల్–గోరఖ్‌పూర్ ఎక్స్‌ప్రెస్ నుంచి దింపిన ఓ నిండు గర్భిణి నొప్పులతో విలవిల్లాడుతూ కనిపించింది. ఆసుపత్రికి చేర్చే వ్యవధి లేదు. రైల్వే మహిళా సిబ్బంది తోడు నిలిచారు. ధోవతి అడ్డుపెట్టి ఆయన స్టేషన్‌లోనే పురుడు పోశారు. బొడ్డుతాడును బిగించకుండా కోస్తే బిడ్డకు రక్తస్రావమవుతుంది. అందుకే జడక్లిప్పుతో బిగించి, జేబుకత్తితో కోశారు. ఆడపిల్ల! తల్లీబిడ్డలను అంబులెన్స్‌లో పంపి, తన రైలెక్కారు.

ముక్కూమొహం తెలియని మనిషి ప్రాణాన్ని తన బాధ్యతగా తీసుకోవడం గొప్ప ధైర్యం.

మన ప్రయాణంలో ఇలాంటి ఆపద వస్తే రైల్లో 139కి, బయట 108కి ఫోన్ చేయండి. పెట్టెలో డాక్టరో నర్సో ఉన్నారేమో గట్టిగా కేకేసి అడగండి. శిక్షణ లేనివారు బొడ్డుతాడు కోయవద్దు. సాయం అందేదాకా తల్లినీ బిడ్డనూ వెచ్చగా ఉంచండి.