లెక్క అడగని తండ్రి
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనకు పండుగ రోజు. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పింఛను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తేల్చింది. పిల్లలు చూడకపోతే తల్లిదండ్రులకు పోషణ ఖర్చు ఇప్పించడానికి 2007లో చట్టం కూడా వచ్చింది. అయితే నెలనెలా డబ్బు ఇప్పించగల చట్టం ఉంది గాని, "భోంచేశారా నాన్నా?" అని ఫోను చేయించగల చట్టం లేదు. అది దరఖాస్తు పెట్టుకుంటే మంజూరయ్యేది కాదు. ఈ విషయంలో నేను చేసిన పొరపాటు, దాన్ని దిద్దుకున్న తీరు మీతో చెప్పుకుంటాను.

నేను క్రైస్తవుణ్ణి. మన సంఘంలో అన్ని మతాల వారూ ఉన్నారు. మతబోధ చేయడానికి నిలబడలేదు. నాకు దారి చూపింది బైబిలు గనుక దాని మాటే చెబుతాను.

ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా పనిచేసి 2008లో రిటైరయ్యాను. వోచరు లేనిదే బిల్లు కదలనివ్వడని ఆఫీసులో నాకు పేరు. ఆ అలవాటే ఇంటికీ తెచ్చుకున్నాను. గ్రాట్యుటీ, కమ్యుటేషను సొమ్ము చేతికి వచ్చాక మా అబ్బాయి వ్యాపారం పెడతానంటే మూడు లక్షలు ఇచ్చాను. ఇచ్చి ఊరుకున్నానా? నెలనెలా లెక్క అడిగాను. వ్యాపారం దెబ్బతిన్నది. అప్పుడు నేను అడిగింది "ఎలా ఉన్నావురా?" అని కాదు, "డబ్బంతా ఏం చేశావు?" అని. అదీ వాడి అత్తవారి ముందు. వాడు తలవంచుకుని వెళ్లిపోయాడు. ఆ ఏడు క్రిస్మసుకు రాలేదు. ఆ తరువాతి రెండు క్రిస్మసులకూ రాలేదు. మా ఆవిడ ప్రతి డిసెంబరులోనూ వాడికిష్టమని కజ్జికాయలు చేసి డబ్బాలో పెట్టి, జనవరి దాకా ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

ఆ రోజుల్లోనూ మా ఇంట్లో కుటుంబ ప్రార్థన ఆగలేదు. "ప్రభువా, వాడికి బుద్ధి కలిగించు" అని ప్రార్థించేవాణ్ణి. బుద్ధి కావలసింది నాకని తోచలేదు.

ఒక ఆదివారం చర్చిలో పాఠం చదివే వంతు నాకు వచ్చింది. లూకా సువార్త 15వ అధ్యాయం, తప్పిపోయిన కుమారుని ఉపమానం. ఆస్తిలో భాగం పట్టుకుని దూరదేశం పోయి, అంతా పాడుచేసుకుని, పందులు మేపి, చివరకు ఇంటిదారి పట్టిన కొడుకు కథ. ఎన్నిసార్లు విన్నా నాకు ఆ కొడుకు తప్పే కనిపించేది. ఆ రోజు పైకి చదువుతుంటే తండ్రి కనిపించాడు. కొడుకు ఇంకా దూరాన ఉండగానే చూసి ఎదురు పరుగెత్తాడు. కూలివాడిగానైనా పెట్టుకోమని అడుగుదామని కొడుకు మాటలు కూర్చుకుని వచ్చాడు. ఆ మాట నోట రాకముందే తండ్రి మంచి వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మన్నాడు. కథంతా వెతికినా "డబ్బేం చేశావు?" అన్న ప్రశ్న లేదు. నా గొంతు పట్టుకుపోయింది. మిగిలిన వచనాలు పాస్టరు గారు చదివారు.

ఇంటికి వచ్చి బైబిలు మళ్లీ తెరిచాను. పిల్లలు తల్లిదండ్రుల మాట వినాలని పౌలు రాసిన వచనం నాకు కంఠతా వచ్చు. తండ్రులు పిల్లలను విసిగించవద్దని, విసిగిస్తే వాళ్ల మనసు కుంగిపోతుందని కొలొస్సయుల పత్రికలో దాని వెనువెంటనే ఉంది. అరవై ఏళ్లు దాటేదాకా ఆ వచనం నా కంటికి ఆనలేదు!

ఆ వారమే ఇద్దరం కజ్జికాయల డబ్బా పట్టుకుని రైలెక్కాం. వాడు తలుపు తీశాడు. "ఆ రోజు నలుగురిలో నిన్ను అలా అనడం నా తప్పురా, మన్నించు" అన్నాను. వాడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత "లోపలికి రండి నాన్నా" అన్నాడు. అంతే. మనసులు కుదుటపడడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

కథ అక్కడితో ముగియలేదు. ఉపమానంలో ఇంటిపట్టున ఉండి పనిచేసిన పెద్దకొడుకు కూడా ఉన్నాడు. మా ఇంట్లో ఆ స్థానం మా అమ్మాయిది. మా ఊళ్లోనే ఉంటూ మమ్మల్ని ఆసుపత్రులకు తిప్పేది తనే. "అన్నయ్య కోసం రైలెక్కి వెళ్లారు. మా ఇంటికి ఎప్పుడైనా పని లేకుండా వచ్చారా నాన్నా?" అంది. నా దగ్గర జవాబు లేదు. అలిగి బయట నిలబడిన పెద్దకొడుకు కోసం కూడా ఆ తండ్రి విందు వదిలి బయటికి వచ్చాడు. దగ్గరున్న బిడ్డను కూడా పోగొట్టుకోవచ్చునని అప్పుడు తెలిసింది. అప్పటి నుంచి ప్రతి గురువారం సాయంత్రం ఏ పనీ పెట్టుకోకుండా వాళ్లింటికి వెళ్లి, టీ తాగి వస్తున్నాను.

ఇంకొక్క మాట. కోడలు చర్చికి వెళ్లలేదని, మనవడు బైబిలు చదవడం లేదని ఫోనులో తాఖీదులివ్వడం మానేశాను. ఫోను పెట్టేముందు, "దేని గురించి ప్రార్థన చేయమంటావు?" అని మాత్రం అడుగుతాను. మొదట్లో "అంతా బాగానే ఉంది" అనేవాడు. ఒక రోజు "రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు నాన్నా" అన్నాడు. లెక్కలడిగిన రోజుల్లో నాకు ఎన్నడూ చెప్పని మాట అది.

మా ఆవిడ 2019లో ప్రభువునందు నిద్రించింది. చివరి మూడు రోజులూ పిల్లలిద్దరూ మంచం పక్కనే ఉన్నారు. ఆ రైలు ఎక్కి ఉండకపోతే వాళ్లిద్దరినీ ఒక్కచోట చూసే భాగ్యం ఆమెకు ఉండేది కాదేమో.

మిత్రులారా, పింఛను మన హక్కు. దాని కోసం అందరం కలిసి అడుగుదాం. పిల్లల దగ్గర మాత్రం హక్కు మాట వద్దు. వాళ్లే రావాలని కుర్చీలో కూర్చోకుండా, ముందుగా మనమే లేచి వెళదాం.