ముల్లు ఆగినచోట

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి నన్ను ఆరోగ్యం మీద ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్ళకు పైగా జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి. కాబట్టి అంత పెద్ద విషయం జోలికి పోను. నా ఒంటి మీదే జరిగిన ఒక్క సంగతి చెబుతాను. బరువు తగ్గుతూ తగ్గుతూ ఒకచోట టక్కున ఆగిపోతుందే, దాని గురించి.

ఇంగ్లీషులో దీనికి ప్లేటో అని పేరు. అంటే పీఠభూమి. ఈ మాట మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కరలేదు. చిత్తూరు నుంచి బస్సెక్కితే మొగిలి ఘాట్ వరకే ఆయాసం. పైకొచ్చాక పలమనేరు, పుంగనూరు, చౌడేపల్లె, మదనపల్లె అంతా ఇంచుమించు 2000 అడుగుల పైనే పరుచుకుని ఉంటుంది. మనం పుట్టిందే పీఠభూమి మీద. తేడా ఏమిటంటే, బరువు విషయంలో దిగుతూ వచ్చి మట్టం మీద ఆగుతాం.

మూడేళ్ళ కిందట నా బరువు 86 కిలోలు. ఎత్తు 168 సెంటీమీటర్లు, నడుము చుట్టుకొలత 102. మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.3 వచ్చింది. 6.5 వస్తే మధుమేహం కింద లెక్క. మా నాన్నకు షుగర్ ఉండేది. మా పెద్దన్నకు ఉంది, ఆయనకు కాలి వేలు ఒకటి తీసేశారు. ఆసుపత్రిలో ఆయన పక్కన పదకొండు రోజులు పడుకున్నవాణ్ణి నేనే. అందుకే డాక్టరు "మాస్టారూ, మాత్ర రాయమంటారా, ముందు బరువు తగ్గి చూస్తారా?" అని అడిగితే ఆలోచించుకోవాల్సిన పని లేకపోయింది.

ఏడు నెలల్లో 78కి వచ్చాను. పొద్దున ముప్పావుగంట నడక, రాత్రి అన్నం తగ్గించడం, సాయంత్రం టీ కొట్టు మానడం. ఊళ్ళో కనిపించిన ప్రతివాడూ "ఏం సార్, చిక్కిపోయారే, ఒంట్లో బాగుందా?" అనేవాడు. మన దగ్గర లావైతే అడగరు, చిక్కితే అడుగుతారు.

ఆ తర్వాత పదకొండు వారాలు అదే నడక, అదే తిండి. 78. సోమవారం 78, మళ్ళీ సోమవారం 78.4, ఆ పై సోమవారం 77.9. ఇంట్లో ఆవిడ మిషను పాడైందేమోనని పక్కింటి మిషను తెప్పించింది. అదీ 78 అంది.

చాలామంది వదిలేసేది సరిగ్గా ఇక్కడే. "నా శరీర తత్వం ఇంతే" అనుకుంటారు. లేదంటే దీనికి వ్యతిరేకంగా, పస్తులకు దిగుతారు. మన బ్యాచ్ మిత్రుడొకాయన రెండో దారి పట్టాడు. ఆయన అనుమతితోనే చెబుతున్నాను, మూడో వరసలో నవ్వుతూ కూర్చున్నాడు చూడండి. ముల్లు కదలడం లేదని ఒంటిపూట భోజనం మొదలుపెట్టాడు. షుగర్ మాత్ర మాత్రం ఎప్పటిలాగే రెండుపూటలా వేసుకున్నాడు. బస్టాండులో కళ్ళు తిరిగి పడిపోయాడు. పక్కన టీ అమ్మే పిల్లోడు గబగబా చక్కెర నీళ్ళు తాగించాడు కాబట్టి సరిపోయింది. మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు ఎవరైనా సరే, తిండిలో మార్పు చేసే ముందు డాక్టరుతో మాట్లాడి మందు మోతాదు సరిచూసుకోండి. ఈరోజు నేను చెప్పేదంతా మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంటే చాలు.

ఇక, ఎందుకు ఆగుతుంది? జంతుశాస్త్రం వాణ్ణి గదా, నాకు ఆసక్తి అంతా ఇక్కడే. కాస్త ఓపిక పట్టండి.

మొదటి వారాల్లో చకచకా తగ్గేదంతా కొవ్వు అనుకుంటాం. మన కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిలవ ఉంటుంది. ఒక గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గగానే ముందు ఆ నిలవ, దాంతో ఆ నీరు పోతాయి. అసలు కొవ్వు నిదానంగా కరుగుతుంది.

రెండో సంగతి. 86 కిలోల మనిషిని నడిపించడానికి అయ్యే ఖర్చు 78 కిలోల మనిషికి అవదు. నిండు లోడు ట్రాక్టరుకూ ఖాళీ ట్రాక్టరుకూ డీజిల్ ఒకటే పడుతుందా? ఒక కిలో తగ్గితే శరీరం రోజువారీ ఖర్చు ఇరవై, పాతిక క్యాలరీల మేర తగ్గుతుందని అంచనా. ఎనిమిది కిలోలకు దాదాపు 180. నేను నడిచే ముప్పావుగంటకు అయ్యే ఖర్చు 150 నుంచి 200. అంటే మొదట్లో బరువు తగ్గించిన ఆ నడకే, ఏడు నెలల తర్వాత తగ్గిన బరువును కాపాడడానికి సరిపోతోంది. నడక పనిచేయడం మానలేదు. దాని ఉద్యోగం మారింది, అంతే.

మూడోది ఆకలి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసిన కెవిన్ హాల్ బృందం 2016లో ఒక లెక్క వేసింది. తగ్గిన ఒక్కో కిలోకూ ఆకలి రోజుకు సుమారు 100 క్యాలరీలు పెరుగుతుందట. ఖర్చు తగ్గేది పాతిక, ఆకలి పెరిగేది వంద. శరీరానికి కరువు తెలుసు, షుగర్ పరీక్ష తెలియదు. తగ్గిన ప్రతి కిలోనూ అది పోయిన ఆస్తిలా చూస్తుంది. దీన్ని మనోబలం లేకపోవడం అనడం నాకు నచ్చదు.

పస్తుల సంగతి కూడా పరీక్షించి చూసినదే. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులకు వాళ్ళ ఇష్టంతోనే 24 వారాలు అరకడుపు తిండి పెట్టాడు. వాళ్ళ బరువు నాలుగో వంతు పోయింది. విశ్రాంతిలో శరీరం చేసే ఖర్చు 40 శాతం దాకా పడిపోయింది. అందులో పెద్ద భాగం కండ పోవడం వల్లే. మనిషికి రోజంతా తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాళ్ళు. తిండి ఇంకా కోస్తే ఏమవుతుందో ఆ యువకులు మనకు చూపించారు.

మరి నేనేం చేశాను? కొన్నిటిని కొలిచాం. నేనొక్కణ్ణే కాదు, ఇంట్లో ఆవిడ, కోడలు కూడా. కొలవడం ఎందుకంటే, 1992లో న్యూయార్క్‌లో ఒక పరిశోధన జరిగింది. ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదనే పదిమందిని తీసుకుని కచ్చితంగా లెక్కగడితే, చెప్పినదానికంటే దాదాపు రెట్టింపు తింటున్నారని తేలింది. వాళ్ళు అబద్ధాలకోరులు కారు. మనిషి కంటికి కొలత రాదు.

ముందుగా రాగిసంగటి. దీని మీద మన ప్రాంతంలో ఉన్న నమ్మకం ఇంతా అంతా కాదు. సంగటి తింటే లావెక్కరని అందరూ అంటారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలు చూడండి. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 320 క్యాలరీలు, తెల్లబియ్యంలో 356. తేడా గోరంత. పైగా మనం సంగటిలో బియ్యం కూడా వేస్తాం. రాగుల గొప్ప మరోచోట ఉంది. పీచు 11 గ్రాములు, బియ్యంలో మూడు కూడా లేదు. కాల్షియం 364 మిల్లీగ్రాములు. అందుకే ఒక ముద్దతో కడుపు నిండి, మధ్యాహ్నం దాకా నిలబడుతుంది. ఆ ఒక్క ముద్దతో ఆగితేనే లాభం. రెండో ముద్ద మింగితే, రాగి అయినా లెక్క లెక్కే. మన తాతలు రెండు మూడు ముద్దలు తిని చిక్కగా ఉన్నారంటే, వాళ్ళు కపిల తోలారు, మడక దున్నారు. మనం బైకు తోలుతున్నాం.

తర్వాత చెనక్కాయలు. మాంసకృత్తులు పుష్కలం, 100 గ్రాములకు 23 గ్రాముల పైనే. క్యాలరీలు 520. ఒక గుప్పెడు, అంటే 30 గ్రాములు, నా నడక మొత్తానికి సమానం. సంగటిలోకి చెనక్కాయల ఊరిబిండి లేకుండా ఎలా అని నన్ను కొట్టకండి, నేనూ మానలేదు. ఊరిబిండి చేసిన రోజు తాలింపులో నూనె తగ్గించాం. నూనె ఒక టీస్పూను అంటే 40 క్యాలరీలు. డబ్బా వంచి పోసేచోట స్పూను పెట్టాం. నెలకు ఇంటికి ఎన్ని ప్యాకెట్లు వస్తున్నాయో క్యాలెండరు మీద రాశాం. అన్నిటికంటే ఎక్కువ తెలిసింది ఆ క్యాలెండరు వల్లే.

ఆడవాళ్ళకు ఇంకో మాట. మన ఇళ్ళలో గిన్నెలో మిగిలింది పారేయలేక ఆఖరున కూర్చున్న అమ్మ తింటుంది. ఆ రెండు గరిటెలు ఏ లెక్కలోకీ రావు. మిగిలింది ఆమె కంచంలోకే పోవాలన్న ఆచారం మార్చాల్సింది ఇంట్లో మిగతావాళ్ళు.

తగ్గించడం అంతటితో ఆపి, పెంచాల్సినవి పెంచాం. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 2000 క్యాలరీల తిండికి నమూనా ఉంది. ధాన్యం 250 గ్రాములు, పప్పుధాన్యాలు 85, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400, నూనె 27. మన కంచం దీనికి తలకిందులు. అన్నం కొండంత, కూర అంచున. నా కంచంలో ముందు కూర వడ్డించమన్నాను. ఉలవలు, అలసందలు, అనపగింజలు, వారానికి నాలుగు రోజులు గుడ్డు. ఉలవల్లో నూటికి ఇరవై గ్రాముల పైన మాంసకృత్తులు. గుర్రాలకూ ఎద్దులకూ ఉడకబెట్టి పెట్టిన మనవాళ్ళు తెలివి తక్కువవాళ్ళు కారు. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం పప్పులు పెంచే ముందు డాక్టర్ని అడగండి.

వ్యాయామంలో నడకను అలాగే ఉంచి, కండకు పని పెట్టాను. వారానికి రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని, నడకలాంటివి 150 నిమిషాలు తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. జిమ్ముకు పోలేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి తోయడం, ఐదు లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు చేతుల్లో పట్టుకుని మిద్దె మెట్లెక్కడం. ఆదివారాలు బోయకొండ. మొదటిసారి గంగమ్మను చూసేసరికి నాకు దండం పెట్టే ఊపిరి కూడా లేదు. అరవై దగ్గర పడ్డాక కండ తనంతట తానే కరుగుతుంది. దాన్ని నిలుపుకుంటే కింద పడం, పడినా లేస్తాం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మెట్లతో మొదలుపెట్టవద్దు, కుర్చీతో మొదలుపెట్టండి.

ఇంజెక్షన్ల గురించి భోజనాల దగ్గర ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు. అవి అవసరమైనవాళ్ళు ఉన్నారు, డాక్టరు తేల్చాలి. అవి వాడినా ఏడాదో ఏడాదిన్నరకో బరువు ఒకచోట ఆగుతుంది. పీఠభూమి ఎవర్నీ వదలదు.

నా ముల్లు ఎప్పుడు కదిలింది? ఈ మార్పులు చేశాక ఐదు వారాలు 78 దగ్గరే ఉంది. కానీ ఆ ఐదు వారాల్లో నడుము 97 నుంచి 95కి వచ్చింది. బెల్టుకు కొత్త చిల్లు పడింది. మనవాళ్ళకు బరువు కంటే నడుమే ముఖ్యమని నా అభిప్రాయం. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్, ఇంగ్లండులో డాక్టర్ యుడ్కిన్ 2004లో తమ ఫోటో ఒకటి లాన్సెట్ పత్రికలో వేయించారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2. సన్నగా కనిపించే భారతీయుడి లోపల ఎంత దాగుంటుందో ఆ ఒక్క ఫోటో చెబుతుంది. మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. టేపు ప్రతి ఇంట్లో ఉంటుంది, కుట్టుమిషను పెట్టెలో చూడండి.

తర్వాత నాలుగు నెలల్లో 74కి వచ్చాను. హెచ్‌బీఏ1సీ 5.8. నడుము 92, ఇంకా రెండు సెంటీమీటర్లు బాకీ. 74 దగ్గర మళ్ళీ ఆగింది, ఏడాదికి పైగా అక్కడే ఉన్నాను. ఈసారి ఇంట్లో ఎవరూ పక్కింటి మిషను తేలేదు. సంక్రాంతికి 75.5 అవుతుంది, శివరాత్రికి మళ్ళీ 74. మా పెద్దన్న ఇప్పుడు నాతోపాటు కుర్చీ వ్యాయామం చేస్తున్నాడు. ఆయన డాక్టరు చెప్పిన చెప్పులు వేసుకుని, రోజూ పాదాలు చూసుకుని.

రేపు పొద్దున ఆరు గంటలకు బోయకొండకు నడిచి వెళ్దామని మా బ్యాచ్ వాళ్ళం అనుకుంటున్నాం. బడి గేటు దగ్గర కలుద్దాం. నడవలేనివాళ్ళకు ఆటో ఉంది. ఇక మధ్యాహ్నం భోజనం సంగతి. వంటవాళ్ళతో ముందే మాట్లాడాను. పితికిపప్పు కూర రెండు గుండిగలు చేయించాం, ముందు అది వడ్డిస్తారు. ఓళిగలు కూడా ఉన్నాయి, మనిషికి ఒకటి. మా సార్లకు రెండు.