చెర్నోబిల్ నాటకములో నొక అంకె



2019వ సంవత్సరమున టెలివిజనులో ప్రదర్శింపబడిన ‘చెర్నోబిల్’ అను నాటకము అయిదు భాగములు గలది. రచయిత క్రెయిగ్ మేజిన్. 1986 ఏప్రిల్ 26వ తేదీ తెల్లవారుజామున 1-23 గంటలకు, నాటి సోవియట్ యూనియనులోని ఉక్రెయిన్ దేశమున అణువిద్యుత్ కేంద్రపు నాలుగవ రియాక్టరు ప్రేలిపోయిన కథ యిది.

అందు మాటిమాటికి వినవచ్చు అంకె 3.6. కంటికి కానరాని ఆ కిరణముల తీవ్రత యెంతయని అధికారి యడుగగా, గంటకు 3.6 రాంట్‌జెనులనియు, మీటరు అంతకు మించి చూపజాలదనియు పనివాడు చెప్పబోయెను. అధికారి అంకెను గ్రహించి తక్కిన మాటను విడిచెను. పై కచ్చేరీలన్నింటికిని ఆ అంకెయే పోయెను. గాదెలో కుంచము ముంచి, అది నిండినది గనుక గాదెలో కుంచెడు గింజలే యున్నవని చిట్టాకెక్కించినట్లయ్యెను! పెద్ద మీటరుతో సేనాని కొలిచి తెచ్చిన అంకె, నాటకమున, 15,000.

ద్రోణపర్వము విన్నవారికి ఇట్టి మాట క్రొత్తగాదు. ధర్మరాజు ఏనుగను మాటను మెల్లగా పలికెను. అంతవరకు నేలకు నాలుగంగుళములు పైన నడచిన యతని రథము నేల నంటెను.

రియాక్టరు విషయమునను అట్లే జరిగెను. దానిని ఆపుటకు దింపు కడ్డీల కొనలు గ్రాఫైటువి యగుటచే, దింపిన తొలి క్షణములలో శక్తి తగ్గుటకు మారు పెరుగవచ్చును. ఈ దోషము 1983లోనే లిథువేనియాలోని ఇగ్నాలినా కేంద్రమున బయటపడినది. చెర్నోబిల్‌లో మీట నొక్కినవారికి మాత్రమది తెలియదు.

నాటకమును సయితము కొంత తరచిచూడవలెను. ఉలానా ఖోమ్యుక్ అను శాస్త్రజ్ఞురాలు కల్పిత పాత్ర. పెక్కురు శాస్త్రజ్ఞులకు బదులుగా నిలుపబడినది. లెగాసోవ్ న్యాయస్థానమున చేసిన ప్రసంగము రసవంతమే గాని, 1987 నాటి ఆ విచారణకు అతడు పోనేలేదు. రచయిత ఈ మార్పులను దాచలేదు. చివరి భాగమున ఖోమ్యుక్ కల్పితయని తానే తెలిపెను.

ప్రేలుడు నాటి ఉదయము శనివారము. చేరువనున్న ప్రిప్యత్ పట్టణమున పిల్లలు బడికి పోయిరి. మరునాటి మధ్యాహ్నమునకు గాని జనమును తరలింపలేదు. కొలది దినములకే ప్రయాణమని చెప్పగా, సుమారు 49,000 మంది జనము కాగితములును, కొంత ఆహారమును చేతబట్టుకొని బస్సులెక్కిరి. ఆ యిండ్లలో మరల దీపము పెట్టిన వారు లేరు.